అమెరికా పోతున్న అమ్మానాన్నలకు: అక్కడి చరిత్రల పేరుపడ్డ కుక్కలను చూసి వచ్చుడెట్ల

హన్మకొండ, కాజీపేట, వరంగల్ ఏ గల్లీ చూసినా ఇద్దరు ముగ్గురి పిల్లలన్న అమెరికాల ఉన్నరు ఇప్పుడు, ఎండకాలం రాంగనే బిడ్డ దగ్గరికో కొడుకు దగ్గరికో పోయే అమ్మానాన్నలు మస్తుమంది. పోయినంక మొదటి పదిహేను రోజులు నయాగరా, లిబర్టీ బొమ్మ, గుడి, కాస్ట్‌కో, ఇగ ఆ తర్వాత ఏముంటది, కొడుకు కోడలు ల్యాప్‌టాప్ ముందల, మనమలు స్కూల్ల, మనం సోఫల. ఆరు నెలలు పొద్దువోక సీరియళ్లు చూసుడే అయితది. అట్ల పోయేటోళ్ల కోసమే ఇది, టూర్ ప్యాకేజీలల్ల ఉండని పని ఒకటి చెప్తున్న. అమెరికా చరిత్రల నిలిచిపోయిన కుక్కలు కొన్ని ఉన్నయి, వాటి బొమ్మలు, సమాధులు, మ్యూజియంల దాచిన వాటి ఒళ్లు, ఇవన్నీ చూసి రావొచ్చు, ఎక్కువ శాతం ఫ్రీ, మనమలను తీస్కపోతే వాళ్లు కూడ విసుక్కోరు.

కుక్కలే ఎందుకంటరా? మన దిక్కు కాలభైరవుని పక్కన కుక్క ఉంటది, ధర్మరాజు స్వర్గం దాక కుక్కను వదలకుండ పోయిండు, కానీ ఒక కుక్కకు పేరు రాసి, సంవత్సరం వేసి, కంచు బొమ్మ పోసి పార్కుల నిలవెట్టుడు మన అలవాటు గాదు. అమెరికోళ్లకు ఆ అలవాటు బాగ ఉన్నది. ఒక్కో బొమ్మ వెనుక ఒక రోగమో, ఒక యుద్ధమో, ఒక కోర్టు కేసో, ఒక ఎలక్షనో ఉంటది, దాన్ని పట్టుకుంటే ఆ దేశం సంగతి చానా తెలుస్తది, మనకు ఇంగ్లీష్ అంతంతే వచ్చినా సరే.

ఎట్ల చూడాలెనో ముందు చెప్త. బొమ్మ ముందల సెల్ఫీ దిగి వచ్చుడు ఎవలైనా చేస్తరు. మీరు మాత్రం అక్కడ నిలబడి మూడు సంగతులు కనుక్కోండి: అసలు సంగతి ఏ సంవత్సరం జరిగింది, బొమ్మ ఏ సంవత్సరం పెట్టిర్రు, పెట్టిచ్చింది ఎవలు. ఈ రెండు సంవత్సరాల మధ్య ఎంత గ్యాప్ ఉన్నదో లెక్కేస్తే సగం కథ అక్కడే దొరుకుతది. కొన్నిటికి అదే సంవత్సరం బొమ్మ లేచింది, కొన్నిటికి డెబ్బై ఎనభై ఏండ్లు పట్టింది, పని ఎక్కువ చేసిన కుక్కకు ముందు బొమ్మ వచ్చిందనుకుంటే మాత్రం పొరపాటే.

న్యూజెర్సీ, న్యూయార్క్ దిక్కు ఉన్నోళ్లు

ఎడిసన్ చుట్టుపక్కల మనోళ్లు చానామంది ఉంటరు కాబట్టి అక్కడి నుంచే మొదలువెడుదాం. మెట్రోపార్క్‌ల గానీ ఎడిసన్ స్టేషన్‌ల గానీ ఎన్‌జే ట్రాన్సిట్ రైలెక్కితే న్యూయార్క్ పెన్ స్టేషన్, అక్కడి నుంచి గూగుల్ మ్యాప్స్ చెప్పినట్టు సబ్‌వేల సెంట్రల్ పార్క్. పార్క్ తూర్పు దిక్కు, జూ దాటి కొంచెం పైకి, 67వ స్ట్రీట్ కాడికి పోతే బండ మీద నిలబడ్డ కంచు కుక్క కనిపిస్తది, అదే బాల్టో. మీరు ఎప్పుడు పోయినా దాని మీద ఒక పిలగాడు ఎక్కి కూసోనే ఉంటడు. అట్ల ఎక్కీ ఎక్కీ వీపు మీది నలుపంత పోయి బంగారం లెక్క మెరుస్తుంటది, మన వేయిస్తంభాల గుడి నంది నున్నగ మెరిసినట్టు.

పోయే ముందు ఇంట్ల కథ తెలుసుకొని పోండి. 1925 జనవరిల అలాస్కాల నోమ్ అనే చిన్న ఊర్ల పిల్లలకు డిఫ్తీరియా వచ్చింది, పాతోళ్లు కంఠసర్పి అనేటోళ్లు గదా, అదే, గొంతుల పొర కట్టి ఊపిరి ఆడకుండ చేసే రోగం. ఇప్పుడు మన పిల్లలకు చిన్నప్పుడే టీకా పడుతున్నది కాబట్టి మనకు ఆ భయం తెల్వది. అప్పుడు నోమ్‌ల ఉన్న ఒక్క డాక్టర్ దగ్గర మందు పాతబడిపోయింది. సముద్రం గడ్డకట్టి ఓడలు రావు, ఆ చలికి అప్పటి విమానాలను నమ్ముకునేటట్టు లేదు. ఆంకరేజ్‌ల దొరికిన సీరం, అంటే ఆ రోగానికి మందు, మూడు లక్షల యూనిట్లు రైలు మీద నెనానా అనే ఊరి దాక వచ్చింది, అక్కడి నుంచి నోమ్ దాక 674 మైళ్లు, అంటే దగ్గర దగ్గర 1,085 కిలోమీటర్లు, వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఏడు సార్లు పోయినంత, అదంత మంచు మీద కుక్కల బండ్లే. ఇరవై మంది బండ్లు తోలేటోళ్లు, దాదాపు నూటయాభై కుక్కలు, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందించుకుంట అయిదున్నర రోజులల్ల చేర్చిర్రు. ఫిబ్రవరి 2 పొద్దుగాల చీకటుండంగనే నోమ్‌లకు వచ్చింది గన్నార్ కాసెన్ బండి, దాని ముందల నడిచిన కుక్క బాల్టో.

ఇప్పుడు లెక్క చూడండి. కాసెన్ బండి నడిచింది 53 మైళ్లు. అదే పరుగుల లియొన్‌హార్డ్ సెప్పలా అనే ఆయన బండి, ముందు కుక్క టోగో, నోమ్ నుంచి ఎదురు పోయి సీరం అందుకొని మళ్ల వెనుకకు మోసి, పోనూ రానూ కలిపి 260 మైళ్ల దాక నడిచింది, అందుల 91 మైళ్లు సీరంతోని. మధ్యల గడ్డకట్టిన సముద్రం మీదికెళ్లి కూడ పోయింది, ఆ మంచు ఎప్పుడు పలుగుతదో తెల్వదు. అప్పటికి టోగోకు పన్నెండేండ్లు, కుక్కకు అది ముసలితనమే. ఇంకో సంగతేందంటే బాల్టో కూడ సెప్పలా పెంచిన కుక్కనే, ఆయన దాన్ని పెద్దగ లెక్కల వెట్టలే. కానీ ఊర్లకు ఆఖర్న ఎవలు అడుగువెడితే పేపరోళ్లు వాళ్లనే ఫోటో తీస్తరు, ఎక్కడైనా గంతే. అదే సంవత్సరం డిసెంబర్ 17 నాడు బాల్టో బొమ్మ పెట్టిర్రు, పదకొండు నెలలు గాలే, ఆ ఫంక్షన్‌కు బాల్టోనే స్వయంగ వచ్చింది.

టోగో బొమ్మ చూడాలంటే అదే న్యూయార్క్‌ల కిందికి రావాలె, లోయర్ ఈస్ట్ సైడ్‌ల సీవర్డ్ పార్క్, ఎఫ్ ట్రెయిన్‌ల ఈస్ట్ బ్రాడ్‌వే స్టేషన్ దిగితే పక్కనే. ఆ బొమ్మ పెట్టింది 2001ల. 76 ఏండ్లు! ఆ సీవర్డ్ ఎవలనుకున్నరు, 1867ల రష్యా దగ్గర అలాస్కా కొన్నప్పుడు బేరం కుదిర్చిన మంత్రి, ఆయన పేరు మీది పార్క్‌ల అలాస్కా కుక్క నిలబడ్డది, ఇది మనమలకు చెప్తే వాళ్లకు స్కూల్ల కూడ పనికొస్తది. నా మాటగ రెండూ ఒకే రోజు చూడండి, ముందు బాల్టో తర్వాత టోగో, అటుఇటు జేస్తే మజా ఉండదు. బాల్టో బండ మీద చెక్కిన పలకను కూడ వదలొద్దు, అందుల రాసింది ఒక్క కుక్క గురించి గాదు, మందు మోసిన బండి కుక్కలన్నిటికీ అంకితం అని ఉంటది. పై బొమ్మ చూసి పోయేటోళ్లకు ఆ పలక కనవడదు.

బాల్టో తర్వాతి బతుకు కూడ చెప్పాలె, ఎందుకంటే బొమ్మ పెట్టిన దేశమే దాన్ని మరిచిపోయింది. రెండేండ్లు తిరగకముందే బాల్టో, దాని జట్టు కుక్కలు లాస్ ఏంజిలిస్‌ల టికెట్ పెట్టి వింతలు చూపిచ్చే దుకాణంల పడ్డయి, తిండి సరిగ లేక. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన జార్జ్ కింబుల్ అనే వ్యాపారి చూసి 1927ల చందాలు ఎత్తిండు, రెండు వేల డాలర్లు, స్కూల్ పిల్లలు చిల్లర పైసలు ఇచ్చిర్రు. ఏడు కుక్కలను క్లీవ్‌లాండ్ తీస్కపోయి జూల ఉంచిర్రు. బాల్టో 1933ల చచ్చిపోతే దాన్ని పాడుగాకుండ జేసి అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియంల పెట్టిర్రు. ఒహాయోల పిల్లలున్నోళ్లు పోయి చూడొచ్చు.

ఎడిసన్ నుంచి కార్ల గంట లోపలే మోరిస్‌టౌన్. ఆ ఊరి నడుమ ఉన్న గ్రీన్ అనే పార్క్‌ల ఒక మనిషి, ఒక జర్మన్ షెపర్డ్ కుక్క బొమ్మ ఉంటయి: మోరిస్ ఫ్రాంక్, బడ్డీ. ఫ్రాంక్ టెనెసీ రాష్ట్రంల నాష్‌విల్ పిలగాడు, రెండు కండ్లు పోయినయి, ఎటు పోవాలన్నా ఎవలో ఒకరు చెయ్యి పట్టుకోవాలె. 1927ల డొరొతీ యూస్టిస్ అనే ఆమె స్విట్జర్లాండ్ నుంచి ఒక పత్రికల రాసింది, జర్మనీల యుద్ధంల కండ్లు పోయిన సిపాయిలకు కుక్కలతోని దారి చూపిస్తున్నరు అని. అది తండ్రి చదివి వినిపిస్తే ఫ్రాంక్ ఆమెకు ఉత్తరం రాసిండు, 1928ల స్విట్జర్లాండ్ పోయి కుక్కతోని నడుసుడు నేర్చుకొని వచ్చిండు. న్యూయార్క్‌ల దిగంగనే పేపరోళ్లు పరీక్ష పెట్టిర్రు, వెస్ట్ స్ట్రీట్ అనే బండ్లు ఆగని రోడ్డు దాటు చూద్దాం అని, దాటిండు. 1929 జనవరిల నాష్‌విల్‌ల దారి చూపే కుక్కలకు ట్రైనింగ్ ఇచ్చే సీయింగ్ ఐ అనే స్కూల్ మొదలైంది, తర్వాత న్యూజెర్సీకి మారింది, ఇప్పటికీ మోరిస్‌టౌన్‌లనే ఉన్నది. ఇక్కడ బొమ్మతోని పని అయిపోదు. పనిరోజు పొద్దున పోయి ఒక బెంచీ మీద కూసోండి, అసలు కుక్కలు ఫుట్‌పాత్ మీద ట్రైనింగ్ తీసుకుంట పోతుంటయి, రోడ్డు అంచు కాడ ఆగుడు, పక్కకు తప్పిచ్చుడు, అన్నీ కండ్ల ముందల కనవడుతయి. నాకు అడిగితే బొమ్మ కంటే ఇదే బాగుంటది.

వాషింగ్టన్ పోతే

వాషింగ్టన్‌ల ఒక్క రోజుల మూడు కుక్కలను చూడొచ్చు, ఒక్క డాలర్ టికెట్ లేకుండ. స్మిత్సోనియన్ మ్యూజియంలు అన్నీ ఫ్రీ, బ్యాగ్ చెకింగ్ ఉంటది గంతే.

యూనియన్ స్టేషన్ పక్కనే పోస్టల్ మ్యూజియం, పొద్దున పదింటికి తీస్తరు. అందుల ఓనీ ఉంటది, అద్దాల పెట్టెల, అసలు కుక్కనే. మన దగ్గర ఆర్ఎంఎస్‌ల, అంటే రైల్వే మెయిల్ సర్వీసుల చేసినోళ్లు, కాజీపేట జంక్షన్‌ల రాత్రి పూట మెయిల్ బ్యాగులు దించుడు చూసినోళ్లు ఉంటే వాళ్లకు ఇది మస్తు నచ్చుతది. 1888 ప్రాంతంల ఆల్బనీ పోస్టాఫీసుల మెయిల్ బ్యాగుల మీద పండుకునే వీధికుక్క ఇది, బ్యాగులు ఎటు పోతే అటు రైలెక్కి పోవుడు మొదలువెట్టింది. అది ఎక్కిన రైలుకు యాక్సిడెంట్ గాదని రైల్వే మెయిల్ గుమాస్తాలకు నమ్మకం, ఎందుకంటే అప్పట్ల మెయిల్ బోగీలల్ల చచ్చిపోయేటోళ్లు చానామంది. పోయిన ప్రతి ఊర్ల ఒక బిళ్ల కట్టేటోళ్లు, వెయ్యికి పైన అయినయి, అంత బరువు మెడకు మొయ్యలేకపోతున్నదని పోస్ట్‌మాస్టర్ జనరల్ జాన్ వానమేకర్ ఒక జాకెట్ ఇప్పిచ్చిండు. 1895ల ఓడెక్కి ప్రపంచం చుట్టి వచ్చింది. కానీ ఆఖరు బాగలేదు, 1897ల టోలెడోల ఒక మనిషిని కరిస్తే కాల్చి చంపిర్రు. పిల్లలతోని పోతే ఇది చెప్పాల్నా వద్దా మీ ఇష్టం, నేనైతే చెప్పమనే అంట. మీరు చూడాల్సింది ఆ బిళ్లలు, మోకాళ్ల మీద వంగి చూడండి, ఊరి పేరు, దుకాణం పేరు, ఒక్కోటి ఒక్కో తీరు.

తర్వాత అమెరికన్ హిస్టరీ మ్యూజియం, యుద్ధాల గ్యాలరీల స్టబ్బీ. 1917ల కనెక్టికట్‌ల యేల్ యూనివర్సిటీ మైదానంల సిపాయిలు ట్రైనింగ్ చేస్తుంటే వాళ్ల వెంట పడ్డ తోక పొట్టి కుక్క, రాబర్ట్ కాన్రాయ్ అనే సిపాయి దొంగతనంగ ఓడల ఫ్రాన్స్ తీస్కపోయిండు. మొదటి ప్రపంచ యుద్ధం కందకాలల్ల ఉన్నది, గాయపడ్డది, ఫ్రాన్స్ ఆడోళ్లు దానికి తోలు కోటు కుట్టిచ్చిర్రు, ఆ కోటు నిండ మెడళ్లే. 1921ల, ఆ యుద్ధంల అమెరికా సైన్యాన్ని నడిపిన జనరల్ పెర్షింగ్ చేతులతోని బంగారు పతకం అందింది. సార్జెంట్ స్టబ్బీ అంటరు అందరు, ఆర్మీ ఆ ర్యాంకు ఇచ్చినట్టు మాత్రం కాగితం దొరకలే. గట్ల అని స్టబ్బీ ఏం తక్కువ గాదు, మనమలకు చెప్పేటప్పుడు ర్యాంకు ముచ్చట పక్కకు వెట్టి కోటు చూపియ్యండి. అద్దాలల్ల పెట్టేవి అప్పుడప్పుడు మారుస్తుంటరు కాబట్టి పోయే ముందు మ్యూజియం సైట్ ఒకసారి చూపిచ్చుకోండి.

మూడోది ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మెమోరియల్, టైడల్ బేసిన్ అంచున, బయట ఉంటది కాబట్టి రాత్రయినా పోవొచ్చు, నడక మాత్రం బాగ ఉన్నది, మోకాళ్ల నొప్పులున్నోళ్లు వీల్‌చైర్ గురించి ముందే చూసుకోండి. ప్రెసిడెంట్ పెద్ద బొమ్మ పక్కన చిన్న స్కాటిష్ టెర్రియర్, పేరు ఫాలా, చెవులు నిమిరి నిమిరి మెరుస్తుంటయి. 1944 ఎలక్షన్లల్ల ఆపోజిషన్ వాళ్లు ఒక పుకారు లేపిర్రు, ఫాలాను అలాస్కా దిక్కు అల్యూషియన్ దీవులల్ల మరిచిపోయి వస్తే దాన్ని తెచ్చేటందుకు యుద్ధ ఓడను పంపిండు, ప్రజల సొమ్ము లక్షల డాలర్లు ఖర్చు జేసిండు అని. రూజ్‌వెల్ట్ కోపం చెయ్యలే, లారీ డ్రైవర్ల యూనియన్ మీటింగుల లేచి, నన్ను తిట్టండి, నా భార్యను తిట్టండి, నా కొడుకులను తిట్టండి, మేం ఏమనం, కానీ ఫాలా ఊకోడు అన్న తీరున మాట్లాడిండు. రేడియోల దేశమంత నవ్వింది. నవంబర్ల గెలిచిండు. ఎలక్షన్ మీటింగులు తెలిసిన మనోళ్లకు ఈ ఎత్తు చెప్పకుండనే అర్థమైతది.

మిస్సోరి: మన పిల్లలు చదివిన ఊరే

ఇది మాత్రం మనోళ్లకు ఎవలూ చెప్పరు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్న. మన తెలుగు పిల్లలు ఎంతమంది ఎమ్మెస్‌కు పోయిన యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరి ఉన్నది వారెన్స్‌బర్గ్ అనే ఊర్ల, కాన్సస్ సిటీ నుంచి గంట పైన. అక్కడ రెండేండ్లు పార్ట్‌టైం చేసుకుంట బతికినోళ్లు కూడ జిల్లా కోర్టు ముందల ఉన్న కుక్క బొమ్మను దాటుకుంటనే పోయి ఉంటరు. దాని పేరు ఓల్డ్ డ్రమ్.

1869 అక్టోబర్ల లియొనిడస్ హార్న్స్‌బీ అనే రైతు, గొర్లను కుక్కలు చంపుతున్నయని కోపం మీద, ఈసారి నా చేన్లకు వచ్చిన కుక్కను కాల్పిస్త అన్నడు. కాల్పిచ్చిండు కూడ. చచ్చింది పక్కనే ఉండే బావమరిది చార్ల్స్ బర్డెన్ వేటకుక్క. పంచాదులు మన ఊర్లల్ల చూస్తం గదా, బావ బావమరదుల మధ్య పడితే ఎట్లుంటది, అట్లనే అయింది. బర్డెన్ యాభై డాలర్ల కోసం కేసు వేసిండు. ఒక కోర్టుల తేలలే, ఇంకో కోర్టుల ఒకరు గెలిచిర్రు, పై కోర్టుల ఇంకొకరు గెలిచిర్రు, వకీళ్ల ఫీజే కుక్క ధర కంటె ఎన్నో రెట్లు అయి ఉంటది. 1870 సెప్టెంబర్ 23 నాడు ఆఖరి విచారణల బర్డెన్ తరఫు వకీలు జార్జ్ గ్రాహం వెస్ట్ లేచి, సాక్ష్యాల జోలికే పోలే, మనిషికి దోస్తు ఎదురు తిరుగొచ్చు, పెంచిన బిడ్డలు మరిచిపోవచ్చు, సొమ్ము పోవచ్చు, పేరు పోవచ్చు, వదలంది కుక్క ఒక్కటే అన్న అర్థంల మాట్లాడిండు. జ్యూరీ బర్డెన్‌కు ఇప్పిచ్చింది. 1872ల రాష్ట్రం సుప్రీంకోర్టు కూడ ఆ తీర్పునే నిలవెట్టింది. ఆ ఉపన్యాసం సగమే మిగిలింది ఇప్పటికి, కానీ కుక్కను మనిషికి అందరికంటె దగ్గరి దోస్తు అనుడు ఊరూరా పాకింది ఈ కేసుతోనే అంటరు.

బొమ్మ పెట్టింది 1958ల, 88 ఏండ్లకు. పెట్టిచ్చినోళ్లు కుక్కలంటే పాణం ఉన్నోళ్లు, దేశం నలుమూలల నుంచి చందాలు వచ్చినయి. ఇగ ఆ వెస్ట్ సంగతి ఒకటి, విశ్వాసం గురించి అంత గొప్పగ మాట్లాడినాయన అంతకుముందు అంతర్యుద్ధంల బానిసత్వం కావాలన్న దక్షిణాది పార్లమెంటుల మెంబర్, తర్వాత అమెరికా సెనేటర్ అయిండు. బొమ్మ కింద ఇది ఉండదు. అది తెలుసుకొని చూస్తే ఆ ఉపన్యాసం ఇంకో తీరుగ వినవడుతది, నాకైతే.

ఒక చిన్న సరదా: ఫాలా ఉపన్యాసం కూడ సెప్టెంబర్ 23 నాడే, 1944ల. 1952ల అదే సెప్టెంబర్ 23 నాడు రిచర్డ్ నిక్సన్ మీద చందాల సొమ్ము ఆరోపణ వస్తే టీవీల కూసొని, ఒక్క బహుమతి మాత్రం తీసుకున్న, టెక్సాస్ నుంచి ఎవలో పంపిన కుక్కపిల్ల, చెకర్స్, నా బిడ్డలు దాన్ని ప్రేమిస్తున్నరు, వాపస్ ఇయ్య అన్నడు. వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థిత్వం నిలబడ్డది. ఆరోపణ వచ్చినప్పుడల్లా కుక్కను ముందల వెట్టుడు అక్కడ బాగనే పనిచేసింది.

అట్లాంటా వాళ్లు దీన్ని వదలొద్దు

అట్లాంటా నుంచి బర్మింగ్‌హామ్ రెండున్నర గంటలు, ఐ-20 హైవే మీద సీదా. అక్కడ కెల్లీ ఇంగ్రామ్ పార్క్. ఈ లిస్టుల అన్నీ మంచి కుక్కలే ఉంటే అది చరిత్ర గాదు, పిల్లల కథ అయితది, అందుకే ఇది రాస్తున్న.

1963 మే నెల మొదట్ల నల్లజాతి పిల్లలు, మన హైస్కూల్ పిల్లల వయసోళ్లు, తెల్లోళ్లకు వేరే నల్లోళ్లకు వేరే అన్న చట్టాల మీద ఊరేగింపులు తీసిర్రు. పోలీసులను నడిపించే కమిషనర్ బుల్ కానర్ మే 3 నాడు ఫైరింజన్ నీళ్లు కొట్టిచ్చిండు, జర్మన్ షెపర్డ్ కుక్కలను ఉసిగొలిపిండు. ఒక పిలగాని పొట్ట మీదికి కుక్క ఎగబడుతున్న ఫోటో తెల్లారి దేశమంత పేపర్లల్ల వచ్చింది. తర్వాతి ఏడు 1964ల సివిల్ రైట్స్ చట్టం వచ్చింది, దానికి ఊపు ఇచ్చిన వాటిల ఈ ఫోటోలు కూడ ఉన్నయి. పార్క్‌ల నడిచే బాట మీద రెండు దిక్కుల గోడల నుంచి లోహపు కుక్కలు పండ్లు బయటవెట్టి మీ మీదికి దుంకుతున్నట్టు పెట్టిర్రు, వాటి నడుమకెళ్లే నడవాలె. బొమ్మ దూరం నుంచి చూసేది గాదు ఇది, మీ చెయ్యికి తగిలేంత దగ్గర ఉంటది. పెద్దోళ్లు కూడ ఒక్కసారి జంకుతరు, చిన్న పిల్లలుంటే చెయ్యి పట్టుకొని దాటిచ్చండి, ఎందుకు పెట్టిర్రో ముందే చెప్పండి. పెట్టింది 1990ల మొదట్ల, ముప్పై ఏండ్లకు. మోరిస్‌టౌన్ల గుడ్డి మనిషికి దారి చూపిచ్చిన బడ్డీ జాతే ఇవి కూడ. పార్క్‌కు ఎదురుంగ 16వ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చి, అదే ఏడు సెప్టెంబర్ 15 నాడు బాంబు పెడితే నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయింది అక్కడే.

ఇంకెక్కడెక్కడ

బే ఏరియా ఉన్నోళ్లకు శాన్ ఫ్రాన్సిస్కోల బమ్మర్, లాజరస్ అనే రెండు వీధికుక్కలు. 1860లల్ల ఎలుకలు పట్టుడుల పేరుపడ్డయి, 1862ల లాజరస్‌ను మున్సిపాలిటీ పట్టుకుపోతే జనం గొడవ జేసి విడిపిచ్చిర్రు, ఆ రెండిటిని పట్టొద్దని ఊరి పెద్దలే మినహాయింపు ఇచ్చిర్రు. వీధికుక్కల పంచాది మనకు కొత్తనా, అందుకే ఇది చదివితే నవ్వొస్తది. వాటి పేరు మీద పలక ట్రాన్స్‌అమెరికా పిరమిడ్ పక్కన ఉన్నది, చిన్నదే, వెతుక్కోవాలె.

వాషింగ్టన్ నుంచి కార్ల రెండు గంటలు పోతే గెట్టిస్‌బర్గ్, 11వ పెన్సిల్వేనియా పటాలం స్తంభం కింద శాలీ అనే కుక్క పండుకొని ఉంటది. అంతర్యుద్ధంల 1863 జూలైల ఇక్కడ జరిగిన యుద్ధంల పడిపోయిన తన పటాలం సిపాయిల దగ్గర్నుంచి కదలలే అంటరు, 1865 ఫిబ్రవరిల ఇంకో యుద్ధంల గుండు తాకి చచ్చిపోయింది. స్తంభం పెట్టింది 1890ల, బతికి బయటపడ్డ అదే పటాలమోళ్లు. కంటితోని చూసినోళ్లు పెట్టిచ్చిన బొమ్మ అంటే ఇది.

డల్లాస్, హ్యూస్టన్ వాళ్లకు శాన్ ఆంటోనియోల లాక్‌లాండ్ ఎయిర్‌బేస్‌ల మిలిటరీ కుక్కల స్మారకం ఉన్నది, 2013ల పెట్టింది, కానీ బేస్ లోపల కాబట్టి పర్మిషన్ సంగతి ముందే అడగకుండ పోవద్దు. వియత్నాం యుద్ధంల నాలుగు వేల దాక కుక్కలు పనిచేసినయి, వాటిని సామాన్ల లెక్కల రాసి ఎక్కువ శాతం అక్కడే వదిలేసి వచ్చిర్రు. రిటైరైన మిలిటరీ కుక్కలను ఇంటికి తీసుకపోయి పెంచుకోవచ్చన్న చట్టం 2000 సంవత్సరంల గానీ రాలే.

మనమలతోని పోయేటప్పుడు

అక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు అర్థమైతది గానీ చదవరాదు, మనకు ఇంగ్లీష్ బోర్డు నిలబడి చదివే ఓపిక ఉండదు. పని పంచుకోండి. కార్ల పోయేటప్పుడు కథ మీరు తెలుగుల చెప్పండి, సగం కాడ ఆపండి, సీరం బండి సముద్రం మీదికి ఎక్కింది, ఇగ మిగతాది అక్కడికి పోయినంక అనండి. అక్కడ బోర్డు వాళ్లు చదివి మీకు తెలుగుల చెప్పాలె. తాత చెప్పింది బోర్డు మీద ఉన్నదా లేదా అని వాళ్లే వెతుకుతరు, తప్పు దొరికితే ఇంక సంబరం. ఒక్క రోజు రెండు మూడు చోట్ల కంటే ఎక్కువ పెట్టుకోకండి, మధ్యల ఐస్‌క్రీమ్ తప్పదు.

బొమ్మలు కాక అసలు కుక్కలు కూడ ఎదురైతయి గదా, దానికి రెండు మాటలు. జాకెట్ గానీ గట్టి పట్టీ పిడి గానీ ఉన్న కుక్క డ్యూటీల ఉన్నట్టు, దాన్ని పిలువొద్దు, ముట్టొద్దు, బిస్కెట్ అసలే పెట్టొద్దు, మీరు పిలిస్తే అది తలకాయ తిప్పిన ఒక్క సెకండ్ల కండ్లు కనవడని మనిషి రోడ్డు మీద ఉంటడు. దుకాణంల, బస్సుల అవి వస్తే ఇదేంది కుక్కను లోపలికి రానిస్తున్నరు అని ముఖం మాడ్చుకోకండి, అది 1990 చట్టం ఇచ్చిన హక్కు. మామూలు పెంపుడు కుక్కనైనా అడిగినంకనే ముట్టాలె, మన దిక్కు లెక్క హుష్ అని చెయ్యి లేపితే ఓనర్‌కు కోపం వస్తది.

వాట్సాప్‌ల కుక్కల కథలు బాగ తిరుగుతుంటయి, ఇన్ని వందల మందిని కాపాడింది, ప్రెసిడెంట్ ఏడ్చిండు, అని. సంవత్సరం లేకుంటే, ఊరు లేకుంటే ముందుకు పంపకండి. ఊరూ సంవత్సరం ఉంటే ఆ ఊరి మ్యూజియం సైట్‌ల ఆ కుక్క పేరు కొట్టి చూడమని పిల్లలకు చెప్పండి, రెండు నిమిషాల పని. బాల్టో ఒక్కటే వెయ్యి కిలోమీటర్లు ఉరికింది అన్న మెసేజ్ వస్తే ఏం జవాబు పెట్టాలెనో ఇప్పుడు మీకు తెలుసు.

ఆఖరుది, ఫోటోలు. దిగిన కాడనే ఫోన్ల ఊరి పేరు, కుక్క పేరు, రెండు సంవత్సరాలు రాసి పెట్టుకోండి, లేకుంటే బోర్డును కూడ ఒక ఫోటో తీయండి. ఆరు నెలల తర్వాత హన్మకొండకు వచ్చి గ్యాలరీ తెరిస్తే కంచు కుక్కలన్నీ ఒకటే తీరుగ కనవడుతయి, టోగో ఏదో ఓల్డ్ డ్రమ్ ఏదో చుట్టాలకు చెప్పుడు మీ తరం కాదు.